ఉచితమైనా పశ్చిమ కెన్యా పురుషులు సున్తీకి ఎందుకు వెనకాడారు?

స్త్రీల నుంచి పురుషులకు హెచ్‌ఐవీ సోకే ముప్పును సుమారు 60 శాతం తగ్గిస్తుందని తేలడంతో 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన సున్తీని ఉచితంగా చేసినా, పశ్చిమ కెన్యాలో చాలామంది వెనకాడటానికి నొప్పి భయం కంటే కూలి నష్టమే పెద్ద కారణమని నా అభిప్రాయం. విక్టోరియా సరస్సులో చేపలు పట్టేవారికి గాయం మానేదాకా పని మానుకుంటే ఇల్లు గడవదు. అక్కడి న్యాంజా ప్రాంతంలో 25–49 ఏళ్లవారిపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, సున్తీ చేయించుకుంటే కూలి నష్టానికి పరిహారంగా 1,200 కెన్యా షిల్లింగుల ఆహార కూపన్లు ఇస్తామన్నప్పుడు రెండు నెలల్లో 9 శాతం మంది ముందుకు రాగా, దాదాపు ఏమీ ఇవ్వజూపనివారిలో 1.6 శాతమే వచ్చారు. అయితే ఆ 9 శాతమూ తక్కువే; అంటే వేరే కారణాలూ ఉన్నాయి. అక్కడి లువో జాతికి సున్తీ ఆచారం లేదు (పూర్వం కింది ముందుపళ్లు ఆరు తీయించుకోవడమే వారి సంస్కారం), పైగా సున్తీ తర్వాత ఆరు వారాల లైంగిక సంయమనానికి భార్య కూడా సమ్మతించాలి.