టెంట్ కొనే ముందు ఒక మాట

అచ్చంపేట

బిడ్డా,

ఒంటి పొర టెంట్ తొమ్మిది వందల గ్రాములేనని నువ్వు ఫోన్లో సంబరంగా చెప్పావు. కొనొద్దని అనను. రెండు కిలోల టెంట్‌కూ దానికీ తేడా మొదటి గుట్ట ఎక్కేసరికే మోకాళ్లకు తెలుస్తుంది. కానీ తడి సంగతి తెలుసుకుని కొను.

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో, ఒక డిసెంబర్ రాత్రి నేనూ నా దోస్తూ అలాంటి టెంట్లోనే పడుకున్నాం. కృష్ణ ఒడ్డునే వేశాం. చలి పెడుతోందని జిప్పులన్నీ బిగించాం. తెల్లవారుజామున ముఖం మీద నీళ్లు పడ్డాయి. వానేమో అని తల బయట పెడితే ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. టెంట్ కారుతోందని, అమ్మినాయన మోసం చేశాడని అనుకున్నాను. ఆయన తప్పేం లేదు. అవి మా ఊపిరి నీళ్లే.

అన్నం గిన్నె మూత తీసి చూడు, అదే ఇదీ. ఊపిరి, చెమట కలిపి ఒక మనిషి నుంచి రాత్రికి సుమారు పావు లీటరు నీళ్లు ఆవిరవుతాయి. మబ్బు లేని రాత్రి టెంట్ బట్ట, తన చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది. ఆవిరి దానికి తగిలి నీరవుతుంది. రెండు పొరల టెంట్లోనూ పై బట్ట తడుస్తుంది, కాకపోతే లోపలి పొర మనల్ని కాపాడుతుంది. ఎంత ఖరీదు పెట్టినా, నీళ్లు దిగని బట్ట ఆవిరినంతా బయటికి పోనివ్వదు.

అందుకే టెంట్ కంటే చోటు ముఖ్యం. నీటి అంచున, పల్లంలో వెయ్యకు. చల్లగాలీ తేమా అక్కడే నిలుస్తాయి. మరుసటి రాత్రి మేం గట్టు మీదికి ఎక్కి, చింతచెట్టు కింద వేసి, తలుపు సగం తెరిచి పడుకున్నాం. పొద్దున గోడ తడిమితే కాస్త చెమ్మ, అంతే. చెట్టు కిందైతే పైన విరిగిపడే ఎండుకొమ్మలు లేకుండా చూసుకో.

చలేస్తే జిప్పు మూయకు, ఇంకో స్వెటర్ తొడుక్కో. ఆ స్వెటర్ బరువు, గోడ తుడిచే గుడ్డ బరువు టెంట్ లెక్కలోనే వేసుకో. తడిగా మడిస్తే టెంట్ కూడా బరువెక్కుతుంది. నైలాన్ తడిస్తే సాగి నీ మీదికి వాలుతుంది, పడుకునే ముందు తాళ్లు మళ్లీ బిగించు. పాలిస్టర్ అంతగా సాగదు. లోపల స్టవ్ మాత్రం ఎన్నడూ వెలిగించకు. ఆవిరి సరే, దాన్నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది.

ఒక్కదానివే వెళ్తే ఒంటి పొర తీసుకో. చెల్లెలు కూడా వస్తే, అందులోనూ వానాకాలమైతే, రెండు పొరలదే నయం. అడుగు బట్ట, దోమ జాలీ లేనిది మాత్రం వద్దు, మన దగ్గర తేళ్లు ఎక్కువ. అమ్రాబాద్ అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకు.

కొన్నాక ముందు ఇక్కడికి పట్టుకురా. మేడ మీద మేకులు దిగవు, ఇటుకలకు తాళ్లు కడదాం. ఒక రాత్రి తలుపు మూసి, ఒక రాత్రి తెరిచి పడుకుని చూడు. అత్త చద్దర్లు తీసి పెట్టింది.

మీ మామ