అటక మీది పింగాణీ కిందికి దించండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత కప్పులు, కంచాలు, గిన్నెల గురించే వచ్చాయి. అందుకని మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నానమ్మగారి ట్రంకుపెట్టెలో గులాబీ పూల టీ సెట్టు దొరికింది. ఆరు కప్పులు, ఐదు సాసర్లు, పాలగిన్నె, మూత లేని టీపాట్. అంచుకి బంగారు గీత, అడుగున ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉన్నాయి. 1955 ప్రాంతంలో కొన్నదని ఇంట్లో అంటారు. రోజూ వాడుకోవాలని నా కోరిక. మా అత్తగారేమో ‘అది ఎముకలతో చేసిందేమో, షోకేసులో పెట్టి ఊరుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వాడుకోండమ్మా. ఆవిడ టీ తాగడానికే కొనుక్కున్నారు, చూసుకుంటూ కూర్చోవడానికి కాదు.

మీ అత్తగారి అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు. బోన్ చైనా అనే రకం పింగాణీలో నిజంగానే పశువుల ఎముకల బూడిద కలుపుతారు. ఇంగ్లండులో చేసిన వాటిలో అది దాదాపు సగం దాకా ఉంటుంది. కప్పు బోర్లించి ముద్ర చదవండి. ‘బోన్ చైనా’ అయితే సాధారణంగా ఆ మాట అక్కడే ఉంటుంది. ‘ఎర్తన్‌వేర్’ అనో ‘ఐరన్‌స్టోన్’ అనో ఉంటే అది మట్టి సామాను, ఎముకల ప్రసక్తి లేదు. ఏమీ రాసి లేకపోతే దీపానికి ఎదురుగా పట్టుకోండి. వెనక మీ వేళ్ల నీడ కనిపించకపోతే అది బోన్ చైనా కాదనే అనుకోవచ్చు. కనిపిస్తే మాత్రం తేల్చి చెప్పలేం, ఎముకల బూడిద కలపని మేలురకం పింగాణీ, అంటే పోర్సలిన్‌లో కూడా అలాగే కనిపిస్తుంది. బోన్ చైనాయే అని తేలితే అత్తగారికి ఆవిడ గ్లాసులోనే టీ ఇవ్వండి. అది ఆవిడ నియమం, వాదించి గెలవాల్సిన విషయం కాదు.

ముద్ర కాలం కూడా చెబుతుంది. గిన్నెలు తోమే మిషన్‌లో వేయవచ్చని రాసి ఉంటే ఆ వస్తువు 1950ల నడుమ కంటే పాతదై ఉండే అవకాశం తక్కువ. మైక్రోవేవ్ మాట ఉంటే ఇంకా తర్వాతిది. మీ పెట్టెలో జపాన్ కప్పులు కూడా ఉంటే వాటి అడుగున ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉందేమో చూడండి. యుద్ధం తర్వాత ఆ దేశం అమెరికా వాళ్ల చేతిలో ఉన్నప్పుడు వేసిన ముద్ర అది. 1952లో ఆ పాలన ముగిసింది, ముద్రా ఆగిపోయింది. అలాంటి కప్పు దొరికితే నాకు పండగే.

ఇక అసలు జాగ్రత్త సీసం గురించి. ఆ కాలపు పింగాణీ మెరుపు పూతలోనూ, పూల రంగుల్లోనూ సీసం, కాడ్మియం వాడడం మామూలే. పులుపు, వేడి, ఎక్కువసేపు నిల్వ, ఈ మూడూ కలిస్తే అవి ఆహారంలోకి దిగుతాయి. గులాబీ మీద వేలితో తడిమి చూడండి. పువ్వు కాస్త ఉబ్బెత్తుగా తగిలితే రంగుని మెరుపు పూతకి పైన వేసినట్టు. అది లోపలి వైపున ఉంటే ఆ కప్పులో ఏమీ తాగకండి. లోపల తెల్లగా, నున్నగా ఉండి పువ్వులు బయట మాత్రమే ఉంటే, పాలు కలిపిన టీ పోసుకుని అప్పటికప్పుడు తాగేయడానికి నేను వెనకాడను. నిమ్మకాయ టీ వద్దు. రసం, పులుసు, పచ్చడి అసలే వద్దు. చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ ఆ కప్పుల్లో ఏదీ ఇవ్వకండి, ఇందులో మొహమాటం పనికిరాదు. లోపలి పూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే ఆ కప్పులో కొత్తిమీర నాటుకోండి... వద్దు, తినేది కూడా వద్దు, మనీప్లాంట్ పెట్టుకోండి.

కడగడం చేత్తోనే. స్టీలు సింకులో మడత పెట్టిన పాత తువ్వాలు పరిచి, ఒక్కొక్క కప్పే కడగండి. టీ మరకకి వంటసోడా తడిపి వేలితో రుద్దితే చాలు. పీచు తగిలితే బంగారు గీత పోతుంది. ఆ గీత ఉన్నది మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. మరిగే టీ పోసే ముందు గోరువెచ్చని నీళ్లతో కప్పుని ఒకసారి తొలపండి, చలికాలం పొద్దున మరీ ముఖ్యం. ఒకదానిలో ఒకటి దొంతర పెట్టేటప్పుడు మధ్యలో గుడ్డముక్క వేయండి.

ఆరో సాసరు లేదని దిగులెందుకు? వేరే పూల సాసరు జత చేయండి. మా రాజమండ్రి ఇంట్లో ఏ రెండూ కలవవు, వచ్చినవాళ్లు తమకు నచ్చింది ఎంచుకుంటారు. మా మామగారు ఉన్నన్నాళ్లూ టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగారు. ఆ పాత సాసర్లు కాస్త లోతుగా ఉంటాయి, అందుకే ఆయనకి కొత్తవి నచ్చేవి కావు. మూతలేని టీపాట్‌లో నేను స్పూన్లు నిలబెడతాను.

ప్రశ్న: ఇక్కడ ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర పాత పైరెక్స్ గాజు గిన్నెలు తక్కువ ధరకి దొరుకుతున్నాయి. నీలం రంగు మీద తెల్లటి కోళ్లు, ధాన్యపు కంకుల బొమ్మలు. వీటిలో పులిహోర కలపొచ్చా ఆంటీ? ముదురు నారింజ రంగు ఫియెస్టా పింగాణీ పళ్లెం కూడా ఒకటి కొన్నాను.
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మంచి వేట బాబూ. ఆ కోళ్ల బొమ్మ పేరు బటర్‌ప్రింట్, 1957లో వచ్చింది. అంతకు ముందే, 1940లలో, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం గిన్నెలు నాలుగు ఒకదానిలో ఒకటి ఇమిడే సెట్టుగా అమెరికా వంటిళ్లలోకి వచ్చాయి. లోపలి వైపు తెల్లటి గాజే కాబట్టి చింతపండు పులుసు దాన్నేమీ చేయదు. పులిహోర కలపండి. అనుమానమంతా బయటి రంగు మీదే. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిలా రాలుతున్న గిన్నె, గీతలు పడి రంగు లేస్తున్న గిన్నె వంటకి వాడకండి. మిషన్‌లో వేయకండి, ఆ వేడికీ సబ్బుకీ బొమ్మ వెలిసిపోతుంది. చాలామంది గిన్నెలు పాడయ్యేది అక్కడే. పొయ్యి మీద పెట్టకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే ఓవెన్‌లో పెట్టడం కూడా వద్దు.

నారింజ పళ్లెం సంగతి వేరు. ఫియెస్టా 1936లో మొదలైంది. ఆ నారింజ-ఎరుపు రంగు యురేనియంతో తెచ్చారు. యుద్ధకాలంలో యురేనియం ప్రభుత్వానికి కావలసి వచ్చి 1943లో ఆ రంగు ఆగిపోయింది, 1959లో మళ్లీ వచ్చింది. దాన్ని గోడకి తగిలించుకోండి, అందులో అన్నం మాత్రం వద్దు.

ప్రశ్న: మా అమ్మమ్మ ఇచ్చిన కంచు తలెలు, ఇత్తడి బగోనెలు, స్టీలు గిన్నెలు చాలా ఉన్నయి. ఏవి కంచో ఏవి ఇత్తడో తెలుస్తలేదు. పాలిష్ చేయిస్తే మంచిదా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చెంచాతో తట్టండి. కంచు గుడిగంటలా మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది, ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. ఇత్తడిలో రాగికి జింకు తోడు. కంచు పెళుసు, బండ మీద పడితే పగులుతుంది. ఇత్తడైతే సొట్టపడి ఊరుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా బూడితి, తణుకు వైపు అజ్జరం ఇలాంటి సామాను తయారీకి పేరున్న ఊళ్లు.

కంచు తలెలో అన్నం, పప్పు, నెయ్యి హాయిగా తినండి. పులుసు, పెరుగు వేసుకుంటే తిన్న వెంటనే కడిగేయండి. ఇత్తడి బగోనెలో వండాలంటే లోపల కళాయి ఉండాల్సిందే. తెల్లటి పూత అరిగి పసుప్పచ్చ కనిపిస్తోందంటే మళ్లీ పెట్టించాలి. కళాయి వేసేవాళ్లు గిన్నె కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో తిప్పుతారు. స్వచ్ఛమైన తగరమే వేయమని గట్టిగా అడగండి, సీసం కలిస్తే లాభం అమ్మేవాడిది, కష్టం మీది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి ఖాళీ గిన్నె మంట మీద వదలకండి, అందులో గారెలు వేయించకండి.

స్టీలు గిన్నెలకి పాలిష్ వద్దే వద్దు. ఆ రోజుల్లో గిన్నె అంచు మీద ఇచ్చినవాళ్ల పేరు, పెళ్లో గృహప్రవేశమో, తేదీతో సహా చెక్కించేవారు. ఒక్కోసారి ఇంట్లో మరే కాగితం మీదా లేని తేదీ ఆ గిన్నె మీదే ఉంటుంది. మిషన్ చక్రం తగిలితే ఆ అక్షరాలు చెరిగిపోతాయి. ముందు ప్రతి గిన్నే తిప్పి చూసి, ఉన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. అమ్మమ్మగారు ఉంటే ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని ఈ ఆదివారమే చేయండి.

ప్రశ్న: ఇంట్లో పాతవేమీ మిగల్లేదు. కొనాలంటే ఎక్కడ?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్ చూడండి. ఎనామిల్ గిన్నెల మీద మనసుంటే తమిళనాడులోని కారైకుడి వెళ్లండి. చెట్టినాడు ఇళ్లలోంచి వచ్చిన స్వీడన్, చెకోస్లోవేకియా సరుకు అక్కడి పాత సామాన్ల కొట్లలో వరసలుగా ఉంటుంది. ఎనామిల్‌కి లోపల పెచ్చు లేచి ఇనుము కనిపిస్తే వంటకి కొనకండి. లోపల కూడా ఎరుపో పసుపో రంగున్నది అలంకారానికే. పింగాణీ అయితే గోటితో మీటి వినండి, బద్దలైనట్టు బొంగురుగా పలికితే ఎంత అందంగా ఉన్నా అక్కడే దించేయండి. సంచీలో రెండు పాత పంచెముక్కలు వేసుకెళ్లండి, అక్కడ చుట్టి ఇచ్చేది ఒక్క న్యూస్‌పేపరే.