బండి కంటే ముందు దాని చోటు చూడు

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

కరెంటు కారు కొనాలని అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నాలుగు కంపెనీల బండ్లు చూసి వచ్చావట. ఒకసారి ఛార్జింగ్ చేస్తే ఏది ఎంత దూరం వెళుతుందో కాగితం మీద వరుసగా రాసుకున్నావట. ఏడేళ్లుగా ఈ కారు నడుపుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ కాగితం కాసేపు పక్కన పెట్టి, రాత్రిపూట నీ బండి ఎక్కడ నిలబడుతుందో ముందు చూసుకో. అక్కడికి కరెంటు వస్తుందా? ఆ చోటు రోజూ నీకే దొరుకుతుందా? ఈ కారుతో నీ బతుకు హాయిగా సాగుతుందా, విసుగ్గా సాగుతుందా అన్నది ఎనభై పాళ్లు అక్కడే తేలిపోతుంది.

పెట్రోలు బండికి ఆకలేస్తే మనం బంకుకు తీసుకెళతాం. ఈ బండి మనం నిద్రపోతున్నప్పుడు తింటుంది. అందుకే పెద్ద యంత్రమేదో బిగించాలన్న భయం అక్కర్లేదు. 230 వోల్టుల మామూలు సాకెట్ నుంచి 10 ఆంపియర్లు తీసుకున్నా గంటకు రెండు యూనిట్లకు పైగా వస్తుంది. పది గంటల్లో ఇరవై యూనిట్లు దాటుతుంది. మధ్య రకం కారు నూరు కిలోమీటర్లకు 15 యూనిట్లు తింటుందనుకుంటే, ఛార్జింగ్‌లో పోయే నష్టం తీసేసినా తెల్లారేసరికి 120 కిలోమీటర్ల పైచిలుకు తిండి దానిలో ఉంటుంది. రోజూ అంత దూరం తిరుగుతావా? లెక్క వేసుకో. 7 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకుంటే మరీ మంచిది కానీ, అది లేదని ఆగిపోవాల్సిన పని లేదు.

చోటు లేనివాళ్లూ ఈ కార్లు నడుపుతున్నారు. ఆఫీసులోనో, రోజూ వెళ్లే మరో చోటనో నిలకడగా ఛార్జింగ్ దొరికితే సరే. అదీ లేక, ప్రతిసారీ వీధిలోని ఛార్జర్ కోసం వెతుక్కోవాల్సి వస్తే మాత్రం నీకు ఇప్పుడే వద్దని చెబుతాను. ఈ బండి అంటే నాకెంతో ఇష్టం, అయినా ఈ మాట అంటున్నాను.

సాకెట్ విషయంలో నాకు జరిగింది చెబుతాను, నువ్వు జాగ్రత్తపడు. మొదటి నెలలో ఇంట్లో ఉన్న పాత సాకెట్‌కే తగిలించాను. ఇస్త్రీపెట్టె గంటల తరబడి నడిచిన సాకెట్టే కదా అనుకున్నాను. మూడోవారం ఒక రాత్రి నీళ్లు తాగడానికి లేచి, ఎందుకో అనుమానం వచ్చి ప్లగ్ మీద చెయ్యి పెట్టాను. పట్టుకోలేనంత వేడిగా ఉంది. స్విచ్ ఆపి బయటికి లాగితే ఒక రంధ్రం చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, అంచు కొంచెం కరిగి ఉంది. లోపల స్క్రూ వదులుగా ఉండటమే కారణమని ఎలక్ట్రీషియన్ చూపించాడు. ఇస్త్రీపెట్టె మధ్యమధ్య తనంతట తాను ఆగుతుంది, కారు ఎనిమిది గంటలు ఏకధాటిగా లాగుతుంది, అదీ తేడా. మీటరు నుంచి విడిగా తగిన మందం వైరు వేయించు, విడిగా ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తాను ఆగిపోయే స్విచ్) పెట్టించు, ఎర్తింగ్ పరీక్ష చేయించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి వెళ్లకు. మొదటి వారం ఛార్జింగ్ మొదలైన గంటకు ఒకసారి ప్లగ్‌ను తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు.

ఇక కంపెనీ చెప్పే కిలోమీటర్లు. అవి పరీక్షలో వచ్చిన అంకెలు, అబద్ధాలు కావు. కానీ ఆ పరీక్ష నీ దారి మీద జరగలేదు. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగితే ఈ కారు పొదుపుగా ఉంటుంది, హైవే మీద వేగం పెరిగేకొద్దీ ఎక్కువ తింటుంది. పెట్రోలు బండికి అలవాటుపడినవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. గాలి అడ్డగించే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, 80 దగ్గర ఉన్నదానికి 110 దగ్గర దాదాపు రెట్టింపు. చలి బాగా ఉన్న చోట బ్యాటరీ మందగిస్తుంది, లోపల వేడి కోసం కూడా కరెంటు పోతుంది కాబట్టి దూరం ఇంకా తగ్గుతుంది. మరోవైపు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బ్యాటరీ అయిపోతుందన్న భయం మాత్రం వదిలెయ్యి. నిలబడి ఉన్నప్పుడు మోటారు ఏమీ తినదు. ఏసీ ఒక్కటే గంటకు ఒకటో, ఒకటిన్నరో యూనిట్ లాగుతుంది. సగం నిండిన బ్యాటరీతో రాత్రంతా ఏసీలో కూర్చోవచ్చు.

దూరప్రయాణానికి ఒక్క నియమం పెట్టుకో. ఏ ఛార్జర్ దగ్గరికి వెళుతున్నా, అది పనిచేయకపోతే మరో ఛార్జర్ దాకా వెళ్లగలిగేంత మిగిలి ఉండాలి. ఒకసారి 11 శాతంతో చేరాను. యాప్‌లో పచ్చచుక్క వెలుగుతోంది, ఎదురుగా యంత్రం తెర నల్లగా ఉంది. కారుకు పెట్టే ఛార్జింగ్ గన్ను తగిలించి, తీసి, మళ్లీ తగిలించి ఇరవై నిమిషాలు గడిపాను. అక్కడ అడగడానికి మనిషి లేడు. చివరికి ఏసీ ఆపేసి, 45 వేగంతో, లారీలు హారన్ కొడుతుంటే పక్కగా నడుపుకుంటూ 31 కిలోమీటర్ల అవతల ఇంకోదానికి చేరేసరికి 3 శాతం ఉంది. ఆరోజు మీ పెదనాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి 20 శాతం కంటే కిందికి దిగకుండా దారి వేసుకుంటున్నాను.

వేగంగా ఎక్కించే ఛార్జర్ దగ్గర 80 శాతం దాటాక కూర్చోకు. అంచుదాకా వచ్చిన కుండలో చివరి చెంబు మెల్లగా పోసినట్టు, బ్యాటరీ నిండేకొద్దీ బండే కరెంటు తగ్గించుకుంటుంది. చివరి ఇరవై శాతానికి, అంతకుముందు డెబ్బై శాతానికి పట్టినంత సమయం పట్టినా ఆశ్చర్యపోకు. వెనక ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారు కూడా. ఇంటి దగ్గరైతే బ్యాటరీ రకాన్ని బట్టి నడుచుకో. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకమైతే రోజూ 80 దగ్గర ఆపడం మేలు. ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వారానికొకసారి నూటికి నూరు నింపమని చాలా కంపెనీలే చెబుతాయి, లేకపోతే తెర మీది శాతం తప్పు చూపించడం మొదలుపెడుతుంది. కొనేటప్పుడే ఏ రకమో అడిగి రాసుకో.

నడపడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, రెండు రోజుల్లో నీకే తెలుస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే జనరేటరై బండిని నెమ్మదింపజేస్తుంది, కొంత కరెంటు వెనక్కి వస్తుంది. కానీ బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఆ వచ్చే కరెంటుకు చోటుండదు. వాలులో దిగుతుంటే బండి రోజూలా నెమ్మదించదు. బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకో. శబ్దం ఉండదు కాబట్టి సందుల్లో పిల్లలు, పెద్దవాళ్లు మనం వస్తున్నట్టు గమనించరు. యూరప్‌లో 2019 నుంచి కొత్త మోడళ్లు 20 కిలోమీటర్ల లోపు వేగంలో శబ్దం చేయాలని నియమం పెట్టారంటే ఊరికే కాదు. ఇంకొకటి, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే బండి లేవదు. దాని వయసు కూడా కనిపెట్టుకుని ఉండు.

అందరూ కొంటున్నారు కదా అని నువ్వు రాశావు. నేను కొన్నప్పుడు ఎక్కడ ఆపినా ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరి ప్రశ్నలు అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరూ తల తిప్పి చూడరు. మార్పు నిజమే. 2024లో ప్రపంచమంతటా అమ్ముడైన కొత్త కార్లలో, పెట్రోలుతోనూ నడిచే, ప్లగ్ పెట్టే హైబ్రిడ్లను కలుపుకుంటే, అయిదింట ఒకటి కరెంటుదే. అయినా అప్పటికి రోడ్ల మీదున్న మొత్తం కార్లలో అవి నూటికి అయిదు కూడా లేవు. నార్వేలో అదే ఏడాది కొత్త కార్లలో దాదాపు 89 శాతం కరెంటువి. అక్కడ కూడా రోడ్ల మీద వాటి సంఖ్య పెట్రోలు కార్లను దాటింది ఆ సెప్టెంబరులోనే, డీజిలువి అప్పటికింకా ఎక్కువే. కార్లు ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకే మార్పు రోడ్డెక్కడానికి అంత కాలం పడుతుంది. కాబట్టి ప్రపంచం లెక్కతో నీకు పని లేదు. నువ్వు ఎక్కువగా వెళ్లే రెండు మూడు దార్లలో ఛార్జర్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో పనిచేసేవి ఎన్ని, ఈ బండి బాగుచేయగలిగిన మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు, అది లెక్కపెట్టు.

బ్యాటరీ ఎన్నాళ్లుంటుందని మీ అమ్మ బెంగపడుతోంది. కొత్తలో 300 కిలోమీటర్లు వచ్చిన నా బండి ఇప్పుడు 270 ఇస్తోంది. చాలా కంపెనీలు ఎనిమిదేళ్లకు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లకు, బ్యాటరీ సత్తా కొత్తలో ఉన్నదానిలో 70 శాతం కంటే కిందికి పడదని హామీ ఇస్తాయి. ఆ కాగితాన్ని షోరూమ్‌లోనే కూర్చుని చివరిదాకా చదువు, తొందరపెడితే లేచి వచ్చెయ్యి.

వచ్చే నెల మొదటి వారం నా బండి నీ దగ్గర ఉంచుతాను. ఏడు రోజులు నీ పనులన్నిటికీ దానిలోనే తిరుగు. కేబుల్ అయిదు మీటర్లు ఉంటుంది. ప్లగ్ పెట్టే చోటు ముందు కుడివైపు ఉంది. నువ్వు బండి ఆపే చోటి నుంచి సాకెట్ దాకా ఎంత దూరముందో టేపు పెట్టి కొలిచి, నేను వచ్చేలోపు ఫోనులో చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ