వాచీలో హెచ్‌ఆర్‌వీ తగ్గితే కుంగుబాటు పెరిగినట్లేనా?

ప్రశ్న: నా వయసు 23. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం. కుంగుబాటుకు రెండు నెలలు ఎస్సిటలోప్రామ్ వాడాను. తగ్గినట్లనిపించి నెల క్రితం మానేశాను. ఇప్పుడు నిద్ర లేదు, గుండెదడ. నా గదిలో ఉండే స్నేహితుడి ప్రొప్రనలాల్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకుంటున్నాను. స్మార్ట్‌వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ (ఒక గుండె చప్పుడుకూ మరోదానికీ మధ్య వ్యవధిలో వచ్చే తేడా) బాగా పడిపోయింది. మెదడుకూ గుండెకూ సంబంధం ఉందంటున్నారు, ఈ అంకె పెరగాలంటే ఏం చేయాలి? అప్పుడప్పుడు బతకడం ఎందుకనిపిస్తోంది.

– ఒక పాఠకుడు

జవాబు: అసలు సంగతి చివర్లో రాశారు. ఆ ఆలోచన ఎన్నాళ్లుగా వస్తోందో, ఏదైనా చేసుకోవాలన్నంత వరకు వెళ్తోందో చెప్పలేదు. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేను. ఇది చదవగానే స్నేహితుడికో ఇంట్లోవాళ్లకో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆలోచన బలంగా ఉంటే ఒంటరిగా ఉండకండి. ఎవరినైనా వెంటబెట్టుకుని హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ అత్యవసర విభాగానికి వెళ్లండి, రాత్రయినా సరే.

ఇక వాచీ సంగతి. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా జరిగే ఈ సర్దుబాటు హెచ్‌ఆర్‌వీలో కనిపిస్తుంది. కుంగుబాటు ఉన్నవారిలో ఇది సగటున తక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆత్మహత్య ఆలోచనలతోనూ సంబంధం కనిపించింది. అయితే అది చాలామందిని కలిపి తీసిన లెక్క, ఒక్కరి అంకె చూసి కుంగుబాటు పెరిగిందని చెప్పలేం. నిద్రలేమి, జ్వరం, మద్యం, కొన్ని మందులు కూడా ఆ అంకెను మారుస్తాయి. అంకె బాగుంటే ప్రమాదం లేదనుకోవడం మరీ పొరపాటు.

'తగ్గిందని మానేశాను' అన్న మాట ఓపీలో వినని రోజు లేదు. తగ్గడంలో మందు పాత్ర ఉందని ఎందుకు అనుకోరో! లక్షణాలు తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలలైనా వాడమంటాం. ఆపేటప్పుడు మోతాదు మెల్లగా దించుతాం. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు. నెలయినా పోలేదంటే జబ్బు తిరగబెట్టి ఉండవచ్చు, చూడకుండా చెప్పలేను. అలాగని మిగిలిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టకండి. మీ వయసువారిలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి చావు ఆలోచనలు పెరుగుతాయి, వైద్యుడు దగ్గరుండి గమనించాలి.

స్నేహితుడికి రాసిన మందు మీకెలా సరిపోతుంది? ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ ప్రమాదం. రోజూ వేసుకుంటుంటే హఠాత్తుగా ఆపడమూ మంచిది కాదు, ఈరోజే ఒక వైద్యుడిని అడగండి. దడకు థైరాయిడ్, రక్తహీనత కారణమేమో చూడాలి, ఈసీజీ కూడా తీయించాలి.

మొదట మందు రాసిన సైకియాట్రిస్టును వెంటనే కలవండి. ఆ చివరి వాక్యాన్ని ఆయనకు మొదటే చెప్పండి. రెండు మందుల అట్టలూ, పాత చీటీ తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కొన్నాళ్లు స్నేహితుడినే తన దగ్గర ఉంచుకోమనండి.