ఇంట్లోవారు సగంలో ఆపిన అప్లిక్ బొంతను పూర్తి చేసే ముందు ఉతకాలా?

ఉతకకూడదు, మిగిలిన ముక్కలు కుట్టి, పైగుడ్డ, మధ్యలో దూది, అడుగుగుడ్డ అనే మూడు పొరలనూ కలిపి, చుట్టూ అంచుపట్టీ వేశాకే ఉతకాలి. అప్లిక్‌లో గుడ్డముక్క అంచును లోపలికి మడిచి, కింది గుడ్డకు కుడతారు. ఆ మడత సాధారణంగా 5, 6 మిల్లీమీటర్లే. ఇంకా కుట్టని అంచు నీళ్లలో నలిగితే పోగులు ఊడిపోతాయి, ఇక మడవడానికి గుడ్డ మిగలదు.

తెల్లగుడ్డ మీద ఎర్రపువ్వు ఉందనుకోండి. నాలుగు రేకులు కుట్టారు, ఐదోది పెద్ద కుట్లతో తాత్కాలికంగా నిలిపారు. ఉతికితే ఐదో రేకు అంచు పీచుపీచవుతుంది. ఎరుపు దిగితే తెలుపు మీద మరక పడుతుంది. రంగు నిలుస్తుందో లేదో తెలియాలంటే తడిపిన తెల్లగుడ్డను ఎరుపు మీద కాసేపు ఒత్తి చూస్తే చాలు.

పాత గీతలు, మరకలు ముందే వదిలించుకోవాలని చాలామంది పొరపడతారు. మిగిలిన ముక్కలు ఎక్కడ పెట్టాలో చెప్పేవి ఆ గీతలే! నీళ్లకు పోయే నీలి మార్కర్ గీతల మీద మాత్రం ఇస్త్రీ పెట్టకండి; వేడికి అవి శాశ్వతంగా ఉండిపోవచ్చు.