వార్డు కమిటీ మీటింగులు ఎవరికీ చెప్పకుండా జరిగిపోతున్నాయి. హైదరాబాద్‌లో ఎలా నిలదీయాలి?

మీటింగు జరిగిందని ఆఫీసులో అంటున్నారు, కాలనీలో ఎవరికీ కబురు లేదు, ఏం చేయాలి అని అడిగారు.

ముందు "మమ్మల్ని ఎందుకు పిలవలేదు?" అని రాయడం మానేయండి. సమాచార హక్కు చట్టం కింద ఆఫీసులో ఉన్న కాగితం దొరుకుతుంది, సంజాయిషీ దొరకదు. "ఎందుకు" కనబడగానే "ఇది సమాచారం కిందకు రాదు" అని తిప్పి పంపేస్తారు.

మీకు అసలు బలం 2005 నాటి ఈ చట్టంలోని సెక్షన్ 4(1)(బి), ఎనిమిదో అంశం. కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చా, మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసిన కాగితం) చూడొచ్చా అన్నది ఎవరూ అడగకముందే ఆఫీసే ప్రకటించి ఉండాలి. దరఖాస్తులో మొదట ఆ ప్రకటన ప్రతినే అడగండి.

తర్వాత ఒక్క ఏడాదికి మాత్రం: ప్రతి సమావేశపు నోటీసు, దాన్ని ఏ తేదీన ఎక్కడ అంటించారో చూపే కాగితం, ఎజెండా, హాజరు పట్టిక, మినిట్స్, టీ టిఫిన్ల బిల్లులు. బిల్లులను చిన్నచూపు చూడకండి. నలభై టీలకు బిల్లుండి, హాజరు పట్టికలో ఆరు సంతకాలే ఉంటే ఆ రెండు కాగితాలే మాట్లాడతాయి. హాజరు పట్టికలో ఫోన్ నంబర్లు, చిరునామాలు కొట్టేసి ఇవ్వమని మీరే రాయండి, సెక్షన్ 10 అందుకు వీలిస్తుంది. లేకపోతే వ్యక్తిగత సమాచారం అంటూ మొత్తం ఆపేస్తారు. ఐదేళ్లవి ఒకేసారి అడిగితే సిబ్బంది చాలరంటారు. అలాంటప్పుడు ఫైలు తనిఖీ కోరండి, మొదటి గంటకు రుసుము లేదు.

రుసుము 10 రూపాయలు, జిరాక్సు పేజీకి 2. చేతికిస్తే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి, పోస్టులో అయితే స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలు నగరపాలక సంస్థలో కలిశాక వార్డులు 150 నుంచి 300 అయ్యాయి, కాబట్టి పాత వార్డు నంబరు, కొత్తది రెండూ రాయండి. ఫైలు వేరే కార్యాలయంలో ఉంటే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో అక్కడికి పంపాల్సింది వాళ్లే, మిమ్మల్ని తిప్పకూడదు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోపు ఆ కార్యాలయంలోనే పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. గడువు దాటాక ఇచ్చే ప్రతులకు డబ్బు తీసుకోకూడదు, సెక్షన్ 7(6) ఉటంకించండి. ఈ అప్పీలు మీదే శ్రద్ధంతా పెట్టండి. రెండో అప్పీలు వినే రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేక కేసులు వేలల్లో పేరుకుపోయాయి. రెండో అప్పీలుకు 90 రోజుల గడువుంది గానీ, దాన్నే నమ్ముకుంటే చాలా కాలం ఎదురుచూడాల్సి రావచ్చు.

"రికార్డు అందుబాటులో లేదు" అన్న జవాబుతో ఊరుకోకండి. సమావేశం జరగలేదా, జరిగినా మినిట్స్ రాయలేదా, రాసినవి పోయాయా? ఈ మూడింటిలో ఏదో రాతపూర్వకంగా చెప్పమని అప్పీల్లో అడగండి. జరగలేదని రాసిస్తే మీకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ చట్టం కాగితాలు ఇప్పిస్తుంది, సమావేశం పెట్టించదు. చేతికొచ్చిన ప్రతులు జతచేసి, తర్వాతి సమావేశం తేదీ, చోటు వారం ముందే వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలని కోరుతూ సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద పది సంతకాలతో ఇస్తే మరీ మంచిది. అర్జీ నంబరు తీసుకోకుండా మాత్రం అక్కడి నుంచి కదలకండి.