గురజాడను ఒక్కడినే వేదిక ఎక్కించేముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన నాటకం ఏకబిగిన చదివాను. గురజాడ మీద ఒకే నటుడు గంటన్నర సేపు ఆడే నాటకం రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. భాష బాగుంది. అయినా మొదటి పేజీలన్నీ తీసెయ్యమంటాను. 1862లో రాయవరంలో పుట్టాను, విజయనగరంలో చదివాను, 1886లో బి.ఏ. ప్యాసయ్యాను అంటూ ఆయన చేతే ఏకరువు పెట్టించావు. తన పుట్టినరోజూ డిగ్రీలూ వరసగా ఒప్పజెప్పే మనిషిని ఎక్కడన్నా చూశావా? అదంతా కరపత్రంలో అచ్చు వేయించు. తెర లేచేలోపు ప్రేక్షకులు చదువుకుంటారు.

ముందు ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కో. స్టేజీ మీద ఒక్కడే ఉన్న మనిషి అసలు నోరు ఎందుకు విప్పాడు? ఎవరితో మాట్లాడుతున్నాడు?

అమెరికాలో హాల్ హోల్‌బ్రూక్ అనే నటుడు 1954లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే, డెబ్బై ఏళ్ల మార్క్ ట్వెయిన్ వేషం కట్టాడు. 2017 దాకా ఆ వేషం వదల్లేదు. మేకప్‌కే మూడు గంటలపైన పట్టేదట. ట్వెయిన్ రచనల్లోంచి బోలెడు సరుకు కంఠతా పెట్టుకుని, ఈ పూట ఏది చెప్పాలో ఎంచుకుని చెప్పేవాడు. అది అక్కడ కుదిరింది, ఎందుకంటే ట్వెయిన్ స్వయంగా టికెట్ పెట్టి ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. 1896లో మన దేశానికి కూడా వచ్చి మాట్లాడి వెళ్లాడు. ఆయన జనం ముందుకొచ్చి కబుర్లు చెబితే ఎందుకని ఎవరూ అడగరు. గురజాడ సంగతి వేరు. సంస్థానంలో కొలువు, అంతంతమాత్రం ఆరోగ్యం, కాగితం మీద పని. ఆయన్ని మైకు ముందు నిలబెడితే వర్ధంతి సభ అయిపోతుంది.

నన్నడిగితే 1909లో ఒక రాత్రి పెట్టు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, మంచి పేరొచ్చింది. అంతటితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అయిదు అంకాల నాటకాన్ని ఏడు అంకాలు చేసి, దాదాపు కొత్తగా రాసి, 1909లో మళ్లీ అచ్చు వేయించాడు. మధురవాణి అంత మనిషైంది ఈ తిరగరాతలోనే. జనం మెచ్చిన నాటకాన్ని మళ్లీ విప్పుకుని కూర్చున్న మనిషి కంటే నీకు గొప్ప సన్నివేశం ఎక్కడ దొరుకుతుంది! మాట్లాడే భాషలో రాసేవాడు రాసింది గట్టిగా చదివి చూసుకుంటాడు. గొంతు విప్పడానికి కారణం దొరికిందా? ఆ రాత్రి మన ఊహే, కానీ ఆ తిరగరాత నిజం.

అప్పుడు గిరీశం వేరే వేషంగా రానక్కర్లేదు. మీ నటుడు గిరీశం అవడు, గురజాడగా ఉంటూనే గిరీశం మాట పలికి చూస్తాడు. వెంకటేశానికి చుట్ట కాల్చడం గురించి చేసే బోధ నవ్వుతూ చదువుతాడు, మధ్యలో ఆగి ఒక మాట కొట్టేస్తాడు. ఆ కొట్టేసిన మాట ప్రేక్షకులకి వినపడాలి. మధురవాణి దగ్గర గొంతు సన్నం చేయించకు, పైట వేయించకు, నీకు దండం పెడతాను. హరికథ చూశావు కదా, దాసుగారు ఒక్కరే అందరూ అవుతారు. చూపు ఎటు తిప్పారో దాన్నిబట్టి ఎవరు మాట్లాడుతున్నారో మనకి తెలిసిపోతుంది. ఆదిభట్ల నారాయణదాసు నడిచిన విజయనగరమే గురజాడదీను. ఒక్క మనిషి వేదికని నింపడం మనవాళ్లకి కొత్త కాదు, ఆ విద్య అక్కణ్ణుంచి తెచ్చుకో.

ఇక నీ నాటకంలో లేనిది, తప్పక ఉండాల్సింది ఒకటుంది. మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదువు. విజయనగరం మహారాజా ఆనందగజపతి ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారైందని అందులో ఉంది. లెక్కకొచ్చినవి 1034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ తలా 350 నుంచి 400 రూపాయల ధర.

దీన్ని నటుడి చేత గుమస్తా లెక్క చదివినట్టు చదివించు. కన్నీళ్లు వద్దు, వయొలిన్ అసలే వద్దు. అంకె చెప్పాక ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగమను. వెంటనే ముసలివాడికి కట్టబెట్టిన చిన్నపిల్ల కథ, ఆయన గేయం ‘పూర్ణమ్మ’ ఎత్తుకోనీ. నువ్వు ‘పూర్ణమ్మ’కి ముందు బాల్యవివాహాల దురాచారం మీద రెండు పేజీల ఉపన్యాసం పెట్టావు. ఆ లెక్క విన్నవాడికి ఆ రెండు పేజీలూ అక్కర్లేదు. హాలు నిశ్శబ్దంగా ఉండిపోతే నటుడు టెన్షన్ పడకుండా ముందే చెప్పి ఉంచు.

‘దేశమును ప్రేమించుమన్నా’ ముగింపులో పెట్టావు. అందరూ అక్కడే పెడతారు. జనం గొంతు కలుపుతారు, చప్పట్లు కొడతారు, నాటకం కాస్తా ఆగస్టు పదిహేను సభ అవుతుంది. 1909 రాత్రికి ఆ గేయం ఇంకా పుట్టనేలేదు, తీసెయ్. ‘పూర్ణమ్మ’ కూడా తర్వాతదేగా అంటావేమో. నిజమే, అది ఆ లెక్కలోంచి లోపల మెదులుతున్న పాటగా రానీ, పూర్తి చేయించకు. వాడుక భాష కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా వదిలెయ్, అది మరో నాటకానికి సరుకు. మరణ దృశ్యం వద్దేవద్దు. ఆయన 1915లో పోయారని అందరికీ తెలుసు. వందేళ్ల తర్వాత నన్ను తలుచుకుంటారు అన్న డైలాగు మాత్రం ఇవాళే కొట్టెయ్. ఆయన రాయని గొప్ప మాటలు ఆయన నోట పెట్టే హక్కు మనకి లేదు. చిన్న మాటలు పెట్టుకో, దీపం వత్తి సరిచేస్తూ విసుక్కునే మాటలు, పాళీ బాగాలేదని గొణుక్కునే మాటలు.

నటుడి చేతులకి పని ఇవ్వడం మరిచిపోకు. కాగితాల దొంతర, కలం, మంచినీళ్ల చెంబు, రెండు చోట్ల కూర్చునే వీలు. గంటన్నర నిలబడి మాట్లాడితే ఎంతటివాడికైనా గొంతు పోతుంది.

ఈసారి రాతప్రతితో పాటు నటుడు చదివిన రికార్డింగ్ కూడా పంపు. ముందు అదే వింటాను.

ఆశీస్సులతో,
అన్నయ్య